ఒకవైపే గడ్డలా ఉందేంటి? ఎదిగే ఆడపిల్లల రొమ్ముల్లో తేడాల సంగతి

తొమ్మిది, పదేళ్ల పాప ఒకరోజు ఛాతీలో ఒకవైపు నొప్పిగా ఉందంటుంది. తల్లి చూస్తే చనుమొన కింద గట్టిగా, చిన్న బిళ్లలా ఏదో తగులుతుంది. రెండోవైపు ఏమీ లేదు. ఫోన్ తీసి ‘రొమ్ములో గడ్డ’ అని కొట్టగానే వరసపెట్టి వచ్చేవన్నీ క్యాన్సర్ కబుర్లే. ఇక ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకుండదు.

పిల్లల డాక్టర్ల దగ్గరికి ఇదే టెన్షన్‌తో చాలామంది తల్లిదండ్రులు వస్తుంటారు. నిజానికి అది రొమ్ము మొగ్గ. పాప శరీరం ఎదుగుదల మొదలుపెట్టిందనడానికి సాధారణంగా కనిపించే మొదటి గుర్తు అదే. 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఎప్పుడైనా రావచ్చు. చాలామందిలో ముందు ఒకవైపే వస్తుంది, రెండోవైపు కొన్ని నెలలు ఆలస్యంగా మొదలవుతుంది. ఆరు నెలలు పట్టినా కంగారు పడాల్సిన పనిలేదు. ముట్టుకుంటే నొప్పి పుట్టడం, బట్ట రాసుకుంటే చురుక్కుమనడం కూడా మామూలే. ఈ వయసులో రొమ్ము క్యాన్సర్ అన్నది దాదాపు వినపడని మాట.

ఇక్కడ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. తొందరపడి ఆ గడ్డలోంచి ముక్క తీయించడం గానీ, ఆపరేషన్‌తో తీసేయించడం గానీ చేయకూడదు. రేపు ఎదగాల్సిన రొమ్ము మొత్తం ఆ మొగ్గలోంచే రావాలి. దాన్ని తీసేస్తే ఆ వైపు ఇక ఎదుగుదల ఉండదు. చర్మం ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం వస్తే అది చీము కావచ్చు, అప్పుడు డాక్టరుకి చూపించాలి. అవేమీ లేకపోతే కొన్ని నెలలు ఊరికే గమనించడమే వైద్యం.

మనం లెక్క మొదలుపెట్టేది ఆలస్యంగా

మన ఇళ్లలో అమ్మాయి ఎదుగుదల లెక్క మొదటి నెలసరి నుంచి మొదలవుతుంది. పెద్దమనిషి అయిందని కబురు వెళ్తుంది, మేనత్త చీర తెస్తుంది, నువ్వుల చిమ్మిలి తినిపిస్తారు, ఓణీల ఫంక్షన్‌కి ఫ్లెక్సీలు కూడా కడతారు. ఊరందరికీ చెప్పే ఈ సంగతి శరీరం లెక్క ప్రకారం కథ చివరి భాగంలో వచ్చేది. రొమ్ము మొగ్గ కనిపించిన రెండు, రెండున్నరేళ్లకు గానీ మొదటి నెలసరి రాదు. అమ్మాయి అతివేగంగా పొడుగు పెరిగే కాలం అప్పటికే దాటిపోయి ఉంటుంది. ఆ తర్వాత సగటున ఇంకో 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరిగితే ఎక్కువ. ‘పెద్దమనిషి అయ్యాక సాగుతుందిలే’ అని ఊరుకునేవాళ్లు అందుకే మోసపోతారు.

ఆ ముందటి రెండేళ్లలో ఏం జరుగుతోందో పాపకి ఎవరూ చెప్పరు. ఒంట్లో మార్పులన్నీ జరిగేది అప్పుడే. తోటి పిల్లలతో పోల్చుకుని నాకేదో తక్కువైందనో, ఎక్కువైందనో లోపల్లోపల కుమిలిపోయేదీ అప్పుడే. రొమ్ముల ఎదుగుదలలో తేడాల గురించి ఉన్న భయాల్లో చాలా భాగం ఈ మౌనంలోంచే పుడతాయని నా అభిప్రాయం.

అసలు లోపల జరిగేది ఇది. మెదడులో హైపోథలామస్ అనే చిన్న భాగం ఒక వయసు వచ్చాక, ముందు రాత్రి నిద్రలో, తెరలు తెరలుగా ఒక హార్మోను వదలడం మొదలుపెడుతుంది. దాంతో మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి మేలుకుని అండాశయాలకు కబురు పంపుతుంది. అండాశయాలు ఈస్ట్రోజన్ అనే హార్మోను తయారుచేస్తాయి. రొమ్ములో పాల నాళాలు కొమ్మలు వేయడం, వాటి చుట్టూ కొవ్వు చేరడం ఈస్ట్రోజన్ పని. నెలసరులు క్రమంగా మొదలయ్యాక ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోను కూడా తోడై పాల గ్రంథులను సిద్ధం చేస్తుంది. రెండు రొమ్ములకీ అందే హార్మోను ఒకటే, రక్తం ఒకటే. అయినా ఒక్కోవైపు కణజాలం దానికి ఒక్కో వేగంతో స్పందిస్తుంది. ఎడమ, కుడి తేడా వచ్చేది ఇక్కడే.

సైజు సంగతి వేరు. అది ఎక్కువగా కొవ్వు, పీచు కణజాలం ఎంత ఉందన్న దాన్నిబట్టి ఉంటుంది. అది వంశాన్నిబట్టి, శరీరం బరువునిబట్టి వస్తుంది. తల్లి వైపు నుంచే కాదు, తండ్రి వైపు మేనత్తల పోలికలు కూడా రావచ్చు. చిన్నగా ఉంటే రేపు బిడ్డకు పాలు చాలవేమోనన్న భయానికి ఆధారం లేదు. పాలిచ్చే గ్రంథుల సంగతి బయటి సైజు చూసి చెప్పలేం.

ఐదు దశలు, రకరకాల వేగాలు

ఈ ఎదుగుదలను డాక్టర్లు ఐదు దశలుగా లెక్కేస్తారు. వాటిని టానర్ దశలంటారు. బ్రిటన్‌లో మార్షల్, జేమ్స్ టానర్ అనే ఇద్దరు పరిశోధకులు లండన్ దగ్గర హార్పెండెన్‌లోని ఒక బాలల గృహంలో పెరుగుతున్న 192 మంది అమ్మాయిలను ఏళ్ల తరబడి గమనించి 1969లో ప్రచురించిన వ్యాసం దీనికి మూలం. మొదటి దశ అంటే ఏ మార్పూ లేని బాల్యం. రెండోది మొగ్గ. అయిదోది పూర్తి ఎదుగుదల. మధ్యలో నాలుగో దశలో చనుమొన చుట్టూ ఉండే వలయం విడిగా ఉబ్బి, ఆకారం కాస్త వింతగా అనిపిస్తుంది. నా ఒక్కదానికే ఇలా ఉందని చాలామంది పిల్లలు భయపడేది ఈ దశలోనే. కొందరు ఆ దశ దాటి ముందుకెళ్తారు, కొందరికి పెద్దయ్యాక కూడా అలాగే ఉండిపోతుంది. రెండూ ఆరోగ్యమే.

ఆ వ్యాసంలో నాకు ముఖ్యంగా అనిపించేది ఐదు దశలు కాదు, వాటి మధ్య పట్టే కాలం. మొగ్గ నుంచి పూర్తి ఎదుగుదల దాకా సగటున నాలుగేళ్లు పట్టింది. కొందరు రెండేళ్లలోపే ముగించారు, ఇంకొందరికి ఐదేళ్లు దాటినా పూర్తి కాలేదు. ఏడో తరగతిలో పక్కపక్క బెంచీల మీద కూర్చున్న ఇద్దరమ్మాయిల్లో ఒకరు నాలుగో దశలో, ఒకరు మొదటి దశలో ఉండొచ్చు, ఇద్దరిలో ఎవరికీ ఏ జబ్బూ లేకపోవచ్చు. ఆ అమ్మాయిలు బ్రిటన్ వాళ్లు, అందరూ తెల్లజాతి పిల్లలే కాబట్టి వాళ్ల వయసులను మన పిల్లలకు యథాతథంగా అన్వయించకూడదు. దశల వరస మాత్రం ఎక్కడైనా అంతే.

రెండు వైపులా తేడా

పెద్దయ్యాక కూడా రెండు రొమ్ములూ అచ్చం ఒకేలా ఉన్న ఆడవాళ్లు అరుదు. టీనేజీలో ఈ తేడా ఇంకాస్త కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చాలామందిలో 17, 18 ఏళ్లు వచ్చేసరికి బాగా తగ్గుతుంది. కొందరిలో కొంత మిగిలిపోతుంది. బట్టలు సరిపోక ఇబ్బందిగా ఉంటే ఒకవైపు పలుచటి ప్యాడ్ పెట్టుకునే బ్రాలు దొరుకుతాయి. చాలామందికి అది చాలు.

కొన్నిసార్లు తేడాకు వేరే కారణం ఉంటుంది. వాటిలో ఒకటి మన చేతుల్లో ఉన్నది కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. పుట్టిన బిడ్డకు, ఆడైనా మగైనా, మొదటి కొన్ని వారాల్లో రొమ్ములు ఉబ్బడం, పాలలాంటి చుక్క కనిపించడం మామూలు. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి అందిన హార్మోన్ల ప్రభావం అది, దానంతట అదే తగ్గిపోతుంది. కానీ నీళ్లు పోసేటప్పుడు వాటిని పిండి పాలు తీసేయాలనే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. తీయకపోతే గడ్డ కడుతుందని పెద్దవాళ్లు అంటారు. జరిగేది దానికి వ్యతిరేకం. పిండినప్పుడు క్రిములు లోపలికి వెళ్లి చీము పడుతుంది. ఆ చీముకు గాటు పెట్టాల్సి వస్తే లోపలి మొగ్గ దెబ్బతినే ప్రమాదం ఉంది. పదేళ్ల తర్వాత ఒకవైపు ఎదగకపోతే, చంటితనంలో జరిగినదాన్ని ఎవరూ గుర్తు చేసుకోరు.

కాలిన గాయాలదీ అదే తీరు. రెండు, మూడేళ్లప్పుడు వేడి నీళ్లో, గంజో ఛాతీ మీద పడి మానిన చోట చర్మం బిగుసుకుపోతుంది. కింద మొగ్గ బాగానే ఉన్నా, పైచర్మం సాగక రొమ్ము ఎదగడానికి చోటుండదు. ఇలాంటి పిల్లలను 18 ఏళ్లు వచ్చాక చూద్దామని ఆపకూడదు. ఎదుగుదల మొదలవగానే ప్లాస్టిక్ సర్జన్‌కి చూపిస్తే ఆ బిగుతును వదులు చేసి చర్మం అతికిస్తారు.

పుట్టుకతో వచ్చేవాటిలో పోలండ్ సిండ్రోమ్ ఒకటి. పేరు చూసి దేశం అనుకోకండి. 1841లో లండన్ గైస్ ఆస్పత్రిలో చదువుకుంటూ దాన్ని గుర్తించి రాసిన ఆల్ఫ్రెడ్ పోలండ్ పేరు అది. ఇందులో ఒకవైపు ఛాతీ కండరం పుట్టుకతోనే ఉండదు, ఆ వైపు రొమ్ము సరిగా ఎదగదు, అదే వైపు చేతివేళ్లు పొట్టిగానో, అతుక్కునో ఉండొచ్చు. చాలా అరుదు. ఇంకొన్నిసార్లు రొమ్ములు సమంగానే ఉంటాయి, వెన్నెముక పక్కకు వంగడం వల్ల ఒకవైపు పక్కటెముకలు ముందుకొచ్చి తేడాలా కనిపిస్తుంది. పాపను నిలబెట్టి, మోకాళ్లు వంచకుండా ముందుకు వంగమని వెనక నుంచి చూస్తే వీపు ఒకవైపు ఎత్తుగా తెలుస్తుంది. అప్పుడు వెళ్లాల్సింది ఎముకల డాక్టరు దగ్గరికి.

తొందరగా, ఆలస్యంగా

8 ఏళ్ల లోపు రొమ్ముల ఎదుగుదల మొదలైతే డాక్టరుకి చూపించాలి. మూడేళ్ల లోపు పిల్లల్లో రొమ్ములు మాత్రమే కాస్త పెరిగి, ఇంకే మార్పూ లేకపోతే చాలావరకు అది ప్రమాదం లేనిదే, తగ్గిపోతుంది. బొద్దుగా ఉన్న పిల్లల్లో ఒట్టి కొవ్వు రొమ్ములా కనిపించవచ్చు. చేత్తో పరీక్షిస్తే డాక్టర్లకు తేడా తెలుస్తుంది. అసలు భయం వేగం గురించి. రొమ్ములతోపాటు ఉన్నట్టుండి పొడుగు పెరగడం, ఆరు నెలల్లోనే ఒక దశ నుంచి ఇంకో దశకు దూకడం కనిపిస్తే ఎముకలు ముందే ముదిరిపోయి, చివరికి పొట్టిగా ఉండిపోవచ్చు. అందుకే ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు, హార్మోన్ల పరీక్షలు చేస్తారు, ఆరేళ్ల లోపు అయితే మెదడుకి ఎమ్మారై కూడా తీయిస్తారు. చాలామంది అమ్మాయిల్లో ప్రత్యేకమైన కారణమేదీ దొరకదు. అవసరమైతే నెలకో, మూడు నెలలకో ఒక ఇంజక్షన్‌తో ఆ ప్రక్రియను కొన్నేళ్లు ఆపి ఉంచవచ్చు. ఆపేశాక ఎదుగుదల మళ్లీ మామూలుగా సాగుతుంది.

ఇప్పటి పిల్లలు తొందరగా ఎదుగుతున్నారన్న మాట ఒట్టి అపోహ కాదు. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసి 2020లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం 1977, 2013 మధ్య రొమ్ముల ఎదుగుదల మొదలయ్యే వయసు ప్రతి పదేళ్లకూ దాదాపు మూడు నెలల చొప్పున తగ్గింది. పిల్లల్లో పెరిగిన ఊబకాయానికి ఇందులో పెద్ద పాత్ర ఉందని ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం. ప్లాస్టిక్‌లలో, సౌందర్య సామగ్రిలో ఉండే కొన్ని రసాయనాల మీద పరిశోధన సాగుతోంది.

మన దగ్గర నింద మొత్తం బ్రాయిలర్ కోడి మీద, పాల ప్యాకెట్ మీద పడింది. బ్రాయిలర్ కోడి 40 రోజుల్లో ఎదగడానికి కారణం తరతరాలుగా ఎంచి చేసిన సంకరం, దాణా. షెడ్డులో వేల కోళ్లకు ఒక్కొక్కదానికీ హార్మోను సూది వేయడం ఏ రైతుకూ గిట్టుబాటయ్యే పని కాదు. గేదెలకు పాలు చేపడానికి వేసే ఆక్సిటోసిన్ సూది పశువుకి చేటే, దాన్ని సమర్థించను. కానీ అది ప్రొటీన్ జాతి హార్మోను, తాగితే కడుపులో అరిగిపోతుంది. పైగా రొమ్ములను పెంచే హార్మోను అది కానే కాదు. కోడి మానేసి చిప్స్, కూల్‌డ్రింకులు కొనసాగిస్తే లెక్క తప్పినట్టే.

ఆలస్యానికి మూడు గుర్తులు చాలు. 13 ఏళ్లు నిండినా మొగ్గ కూడా రాకపోవడం, 15 ఏళ్లు వచ్చినా నెలసరి మొదలవకపోవడం, మొగ్గ వచ్చి మూడేళ్లయినా నెలసరి రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పరీక్ష చేయించాలి. ‘వాళ్లమ్మ కూడా ఆలస్యంగానే అయిందిలే’ అనే మాట తరచూ నిజమే, ఆలస్యం వంశాల్లో ఉంటుంది. కానీ అదే మాట చాటున టర్నర్ సిండ్రోమ్ దాగి ఉండొచ్చు. సుమారు 2,000 నుంచి 2,500 మంది ఆడశిశువుల్లో ఒకరు ఇలా, ఒక ఎక్స్ క్రోమోజోమ్ లేకుండానో, లోపంతోనో పుడతారు. వీళ్లు క్లాసులో అందరికంటే పొట్టిగా ఉంటారు, అండాశయాలు సరిగా పనిచేయవు. ముందే గుర్తిస్తే పొడుగు పెరగడానికి మందులున్నాయి. 16 ఏళ్లకు వెళ్తే ఆ అవకాశం చాలావరకు చేజారిపోతుంది. పోషకాహార లోపం, థైరాయిడ్, సన్నబడాలని తిండి మానేయడం, మోతాదు మించిన క్రీడా శిక్షణ కూడా ఆలస్యానికి కారణాలే. రొమ్ములు చక్కగా ఎదిగి నెలసరి మాత్రం రాకపోతే గర్భాశయం ఉందో లేదో స్కాన్‌లో చూడాలి. కొద్దిమందిలో అది పుట్టుకతోనే ఉండదు.

గడ్డలు, స్రావాలు, మితిమీరిన పెరుగుదల

ఎదుగుదల ఒక కొలిక్కి వచ్చాక, 15 ఏళ్లు దాటిన అమ్మాయిల్లో కనిపించే గడ్డల్లో ఎక్కువ భాగం ఫైబ్రోఅడినోమాలు. రబ్బరులా ఉంటాయి, నొప్పి ఉండదు, వేలితో నొక్కితే జారిపోతాయి. క్యాన్సర్ కాదు. ఈ వయసులో మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయరు, అల్ట్రాసౌండ్ చాలు. చిన్నవైతే గమనిస్తూ ఉంటారు, వేగంగా పెరిగితేనో, 5 సెంటీమీటర్లు దాటితేనో తీసేస్తారు. నెలసరికి ముందు బరువుగా, నొప్పిగా ఉండి తర్వాత తగ్గిపోతే అది హార్మోన్ల లయ, జబ్బు కాదు.

కొద్దిమందిలో కొన్ని నెలల్లోనే రొమ్ములు విపరీతంగా పెరిగిపోతాయి. మెడనొప్పి, భుజాల మీద బ్రా పట్టీల గాట్లు, చర్మం ఒరుసుకుని పుండ్లు వస్తాయి. దీన్ని ‘ఒళ్లు చేసింది’ అని కొట్టిపారేయడం అన్యాయం. అది వైద్యం అవసరమైన స్థితే, తగ్గించే ఆపరేషన్ ఉంది. మామూలుగా ఎదుగుదల ఆగి ఏడాదైనా గడిచాక చేస్తారు, బాధ భరించలేనిదైతే అంతకుముందే చేయాల్సి రావచ్చు.

చనుమొన పుట్టుకతోనే లోపలికి ఉండటం, వలయం చుట్టూ ఒకటో రెండో వెంట్రుకలు, చర్మం మీద ఎర్రటి చారలు పట్టించుకోనక్కర్లేనివి. బయటికి ఉన్న మొన కొత్తగా లోపలికి పోయినా, రక్తం కనిపించినా, పాలలాంటి స్రావం వచ్చినా చూపించాలి. పాల స్రావానికి వాంతులకు వాడే డోంపెరిడోన్ లాంటి మందులు, కొన్ని మానసిక వైద్యం మందులు, థైరాయిడ్ లోపం, పిట్యూటరీలో చిన్న గడ్డ కారణం కావచ్చు. అన్నట్టు మగపిల్లల్లో కూడా సుమారు సగం మందికి ఈ వయసులో కొంతకాలం రొమ్ములు ఉబ్బుతాయి. అన్నని వెక్కిరించడం ఆపమని చెల్లికి చెప్పండి.

క్రీములు, నూనెలు, మర్దన, ఫోన్‌లో ప్రకటనలు చూపించే మాత్రలు రొమ్ములను పెంచవు, తగ్గించవు. వాటిలో ఏ హార్మోను కలిసి ఉందో తెలియనప్పుడు ఎదిగే పిల్లకు పూయడం ఇంకా ప్రమాదం. రాత్రి బ్రా వేసుకున్నా, మానేసినా ఎదుగుదలలో తేడా రాదు. నల్ల బ్రాతో క్యాన్సర్ రాదు. మొదట్లో మెత్తటి కాటన్ షిమ్మీ చాలు, పరుగెత్తే, ఆడే పిల్లలకు స్పోర్ట్స్ బ్రా కొనివ్వాలి. వంగి నడవడం, ఎండాకాలం కూడా జాకెట్టు విప్పకపోవడం, కబడ్డీ టీమ్ నుంచి తప్పుకోవడం కనిపిస్తే పాపకి ఏదో మాట తగిలిందని అర్థం. తొందరగా ఎదిగిన పిల్లలకు ఈ మాటలు ఎక్కువ పడతాయి, కుంగుబాటు కూడా వాళ్లలోనే ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. ఒళ్లు పన్నెండేళ్లలా కనిపించినా తొమ్మిదేళ్ల పిల్ల తొమ్మిదేళ్ల పిల్లే. ‘పెద్దదానివయ్యావు, ఇంట్లో కూర్చో’ అనే చుట్టాన్ని అక్కడే ఆపాల్సింది తల్లిదండ్రులు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మొగ్గ ఎప్పుడు గమనించారో, బడిలో కొలిచిన పాత ఎత్తులేమిటో, తల్లి, మేనత్తలు ఏ వయసులో పెద్దమనిషి అయ్యారో రాసుకుని వెళ్లండి. ముందు పిల్లల డాక్టరు చాలు, వాళ్లే అవసరమైతే హార్మోన్ల డాక్టరు దగ్గరికి పంపుతారు. జిల్లా ఆస్పత్రుల్లో 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద కౌమార క్లినిక్‌లు ఉన్నాయి, అక్కడ పిల్లలతో విడిగా మాట్లాడే కౌన్సెలర్ ఉంటారు. పరీక్ష చేసేటప్పుడు తల్లో, నర్సో గదిలో ఉండాలి, ఎందుకు చూస్తున్నారో పాపకి ముందే చెప్పాలి, ఇవాళ వద్దంటే ఇంకోరోజు రావచ్చు. ఆన్‌లైన్ కన్సల్టేషన్‌లో ఎవరైనా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమంటే పంపకండి, నేరుగా తీసుకెళ్లి చూపించండి.